తౌడమ్మ: నాలుక ఆగిపోయిన ఒక మిల్లు పిల్లి కేసు

ముందే ఒప్పుకుంటున్నా, ఈ కేసులో మొదటి రోజు తప్పు నాదే. ఆ తప్పుకు పిల్లి నా టేబుల్ మీదే పోయేది. అందుకే మందుల గురించి తక్కువ, తుడవడం గురించి ఎక్కువ రాస్తున్నా. మందుల సంగతి ఏ పుస్తకం తెరిచినా దొరుకుతుంది. జబ్బు పడి తనను తాను నాక్కోలేని పిల్లిని శుభ్రంగా ఎలా ఉంచాలో నాకు కాలేజీలో ఎవరూ చెప్పలేదు, ఈ పిల్లి, దాని వెనకున్న ఒక పెద్దమ్మ కలిసి నేర్పించారు.

నా ప్రాక్టీసు మిర్యాలగూడలో. వచ్చేవి ఎక్కువగా బర్రెలు, గొర్లు, ఈ మధ్య కుక్కలు. పిల్లులు తక్కువే. ఇక్కడ రైస్ మిల్లుల్లో పిల్లిని పెంచుకున్నాం అని ఎవరూ అనరు, ఎలుకలున్న చోట అది ఉంటుంది అంతే. తౌడమ్మ కూడా అలాంటిదే. బూడిద రంగు నాటు పిల్లి, ఎప్పుడు చూసినా తవుడు పొడి అంటుకుని తిరిగేదట, అందుకే ఆ పేరు. ఆడది, ఎనిమిదేళ్ళు అటూఇటూ, బరువు 2.4 కిలోలు. మిల్లు వాచ్‌మన్ వాళ్ళ అమ్మ, కోడలు, డిగ్రీ చదివే మనవడు, ముగ్గురూ ఆటోలో వచ్చారు, పిల్లి గోనె సంచిలో ఉంది. ఏప్రిల్ రెండో వారం, పదకొండు గంటలకే రోడ్డు మీద నిలబడలేని ఎండ.

సంచి విప్పకముందే వాసన వచ్చింది. కుళ్ళిన నోటి వాసన, మూత్రం వాసన కలిసి.

"రెండు నెల్ల సంది సొల్లు కారుస్తుంది సారూ. గిన్నె కాడికి ఉరికొస్తది, ముక్క నోట్ల పెట్టుకోంగనే కీసుమని ఎనక్కి జరుగుతది. నాలుగొద్దులాయె, పాలు తప్ప ఏం ముడుతలేదు" అంది పెద్దమ్మ. మధ్యలో ఎవరి చేతో సూది వేయించారట, పది రోజులు బాగుండి మళ్ళీ మొదలైందట. ఏ సూదో చీటీ లేదు. పది రోజులు బాగుండి తిరగబెట్టిందంటే స్టెరాయిడే అయి ఉంటుందని నా అనుమానం.

నోరు తెరిచి చూస్తే దవడల చివర, నాలుక మొదలుకు రెండు వైపులా పచ్చి మాంసంలా ఎర్రగా ఉబ్బి ఉంది, దూది తగిలితే రక్తం. చిగుళ్ళ అంచులన్నీ అదే రంగు. క్రానిక్ జింజివోస్టొమటైటిస్, అంటే నోరంతా మానని వాపు. పళ్ళ మీద పేరుకునే సూక్ష్మజీవుల పొరకు పిల్లి శరీరం అతిగా తిరగబడటం, చాలా కేసుల్లో పిల్లులకు సోకే కాలిసివైరస్ కూడా తోడవటం, ఇవి రెండూ కనబడతాయి. పిల్లుల్లో రోగనిరోధక శక్తిని దెబ్బతీసే రెండు వైరస్‌లు, ఎఫ్‌ఐవీ, ఫెలైన్ లుకీమియా, వాటి కిట్లు నెగెటివ్. రక్తంలో గ్లోబులిన్, అంటే మానని వాపులో పెరిగే ప్రోటీన్, ఎక్కువ, కిడ్నీ అంకెలు బాగానే ఉన్నాయి. ఒంట్లో నీరు బాగా తగ్గింది.

ఇక బయట ఎలా ఉందంటే, గడ్డం కింద నుంచి ఛాతీ దాకా సొల్లులో తవుడు కలిసి ఎండి అట్ట కట్టింది, గోటితో కొడితే చప్పుడు వస్తుంది. ముందు కాళ్ళ లోపలి వైపు బొచ్చు గోధుమ రంగుకు తిరిగింది. తోక కింద మలం ఉండలు కట్టి బొచ్చుకు అతుక్కుంది, తొడల లోపల చర్మం మూత్రానికి ఒరుసుకుపోయి ఎర్రబడింది. నడుం మీద బొచ్చు జిడ్డుగా ముళ్ళలా నిలబడింది. కుడి పక్కన రెండు సెంటీమీటర్ల కోత. అదేంటని అడిగితే మనవడు తల దించుకున్నాడు. ఉండ కట్టిన బొచ్చును కత్తెరతో తీయబోయి చర్మం కోశాడు. వాణ్ణి తిట్టాల్సిన పని లేదు, నాకు తెలిసిన కాంపౌండర్లు కూడా ఇదే చేశారు. పిల్లి చర్మం పల్చన, వదులు. ఉండను పట్టుకుని పైకి లాగితే దాంతో పాటు చర్మం కూడా గుడారంలా లేస్తుంది, బొచ్చు ఎక్కడ అయిపోయిందో చర్మం ఎక్కడ మొదలైందో చేతికి తెలియదు. ఉండలకు కత్తెర వద్దు, ట్రిమ్మర్ ఒక్కటే.

నా తప్పు ఇక్కడ. ఆ వాసనకు, ఆ మురికికి నాకు తోచింది ఒకటే, ముందు స్నానం చేయిద్దాం, తర్వాత మిగతాది. గోరువెచ్చని నీళ్ళు, తేలికపాటి షాంపూ, ఐదారు నిమిషాల్లో అయిపోయింది, పిల్లి పెద్దగా ఎదురు తిరగలేదు కూడా. తిరగకపోవడమే నేను పట్టించుకోవాల్సిన లక్షణం. తువ్వాలతో తుడిచి టేబుల్ మీద పడుకోబెట్టాను, పక్కన కూలర్ తిరుగుతోంది. ఇరవై నిమిషాల తర్వాత కూడా కదలకుండా పడుకుంటే హాయిగా ఉన్నట్టుంది అనుకున్నాను. పెద్దమ్మ చెవి పట్టుకుని చూసి, "బిడ్డా, చెవులు సల్లవడ్డయ్" అంది. థర్మామీటరు పెడితే 96.8 ఫారెన్‌హీట్. వచ్చినప్పుడు 100.6 ఉంది. గుండె నిమిషానికి 130, పిల్లికి అది బాగా తక్కువ.

బయట 42 డిగ్రీల సెల్సియస్ ఎండ, లోపల పిల్లి చలికి చచ్చిపోతోంది. ఒంట్లో కొవ్వు లేదు, నీరు లేదు, నాలుగు రోజులుగా తిండి లేదు, బొచ్చు తడిసిపోయింది, ఎదురుగా కూలర్. కూలర్ ఆపి, ఖాళీ సెలైన్ సీసాల్లో వేడి నీళ్ళు నింపి గుడ్డ చుట్టి రెండు పక్కలా పెట్టి, పక్క పార్లర్ నుంచి డ్రయ్యర్ తెచ్చి తక్కువ వేడిలో అడుగు దూరం నుంచి పట్టి, రెండు గంటలకు 99.5కు తెచ్చాం. ఆ తర్వాతే వెచ్చబెట్టిన ఫ్లూయిడ్ చర్మం కింద ఎక్కించాను. ఆ రెండు గంటలు నాకున్న టెన్షన్ ఈనలేని బర్రె దగ్గర కూడా ఉండదు.

అప్పుడు కూర్చుని ఆలోచిస్తే తట్టింది, నేను అసలు ఏ పనిని భర్తీ చేయబోయాను అని. పిల్లి ఏనాడూ స్నానం చేయదు. మెలకువలో చాలా సేపు కొంచెం కొంచెంగా నాక్కుంటుంది, ఒకసారి మొహం, ఇంకోసారి పక్క, తిన్న తర్వాత ముందు కాళ్ళు. దాని నాలుక మీద గొంతు వైపు వంగిన సన్నని ముళ్ళుంటాయి, గోళ్ళు దేనితో తయారవుతాయో అదే కెరటిన్‌తో. ఆ ముళ్ళ కొసలు చిన్న గరిటెలా బోలుగా ఉంటాయి, లాలాజలాన్ని పట్టుకుని బొచ్చు అడుగున చర్మం దాకా తీసుకెళ్తాయి. ఊడిన బొచ్చును లాగేస్తాయి, జిడ్డును సమంగా పరుస్తాయి. ఆ తడి ఆరుతూ ఉంటే ఒళ్ళు చల్లబడుతుంది కూడా, పిల్లికి చెమట పట్టేది పాదాల్లోనే కాబట్టి మన ఎండాకాలంలో ఇది చిన్న సంగతి కాదు. కొద్దిపాటి తడి, చిన్న జాగా, రోజంతా. నేను చేసింది దానికి పూర్తి విరుద్ధం, ఒకేసారి ఒళ్ళంతా బకెట్ నీళ్ళు.

రెండో విషయం, నాలుక ఎందుకు ఆగింది? బద్ధకం వల్ల పిల్లి నాక్కోవడం మానదు. నోట్లో పుండు, కీళ్ళ నొప్పితో నడుం వంగకపోవడం, జ్వరం, ఊబకాయం, మెడకు కాలర్, ఏదో ఒక కారణం ఉంటుంది. ముసలి పిల్లి నడుం మీద, తోక మొదట్లో మాత్రమే ఉండలు కడితే వెన్ను, తుంటి చూడండి. ఇలా గడ్డం, ఛాతీ పాడైతే నోరు చూడండి. తౌడమ్మకు నొప్పి తగ్గించకుండా ఎంత తుడిచినా ఆ తుడవడం కూడా ఇంకో నొప్పే. అందుకే మొదట నొప్పి తగ్గించే బుప్రెనార్ఫిన్ సూది, తర్వాత ఇంటి దగ్గర శుభ్రం చేసే ముందు ఇవ్వడానికి నొప్పి, బెదురు తగ్గించే గబాపెంటిన్. మోతాదులు ఇక్కడ రాయను, మనుషుల మాత్ర విరిచి వేసేవాళ్ళున్నారు. పారాసిటమాల్ అయితే పిల్లికి సగం మాత్ర కూడా ప్రాణం మీదికి తెస్తుంది.

రెండో రోజు ఉదయం మత్తు కొంచెం ఇచ్చి ట్రిమ్మర్ పట్టాను. 10 నంబరు బ్లేడు, చర్మం మీద పడుకోబెట్టినట్టు, బొచ్చు ఉండకూ చర్మానికీ మధ్యలోంచి. బ్లేడు వేడెక్కుతుంది, రెండు మూడు నిమిషాలకోసారి మన మణికట్టుకు ఆనించి చూసుకోవాలి, లేకపోతే కాలుతుంది. ఛాతీ మీది అట్ట మొత్తం ఒక్క పెచ్చులా ఊడి వచ్చింది, దాని కింద చర్మం తడిగా ఎర్రగా చీము పొరతో ఉంది. తోక కింద, తొడల లోపల బొచ్చు పూర్తిగా తీసేశాను. చూడటానికి బాగుండదు, అయినా సరే, జబ్బు పిల్లికి అక్కడ బొచ్చు ఉంటే ప్రతిసారీ కడగాలి, లేకపోతే ఒక్క తుడుపుతో పోతుంది. నడుం మీది చిన్న చిక్కులకు మొక్కజొన్న పిండి చల్లి వేళ్ళతో విడదీశాం. కోతకు రెండు కుట్లు. గోళ్ళు కూడా కత్తిరించాను, గోకడం మానేసిన పిల్లికి గోరు వంగి మెత్తలోకే దిగుతుంది, తౌడమ్మకు ఒక వేలికి అప్పటికే ఆనుకుంది.

ఇంటికి పంపేటప్పుడు మొత్తం సామాను పెద్దమ్మ ఇంట్లోనే ఉంది. పాత నూలు చీర చింపి అరచేయంత ముక్కలు, ఉడకబెట్టి ఆరబెట్టినవి. గోరువెచ్చని నీళ్ళ చెంబు. ముక్కను ముంచి గట్టిగా పిండాలి, చేతి వెనక భాగానికి రాస్తే తడి తగలాలి కానీ నీటి చుక్క నిలవకూడదు. మొదట కళ్ళు, లోపలి మూల నుంచి బయటికి, ఒక్కో కంటికి ఒక్కో ముక్క. తర్వాత ముక్కు. ఈ ముక్కు సంగతి చాలామంది వదిలేస్తారు, ముక్కు మూసుకుపోతే పిల్లికి వాసన తెలియదు, వాసన తెలియకపోతే తినదు. అందుకే మొహం తుడవడం తిండికి ముందు, గడ్డం, ఛాతీ తుడవడం తిండి తర్వాత. నోట్లోకి గుడ్డ పోనివ్వొద్దు, పెదవి అంచు దగ్గర అద్ది తీసేయాలి, రుద్దకూడదు. తోక కింద అన్నిటికంటే చివర, ఆ ముక్క మళ్ళీ పైకి రాకూడదు. ఒక్కో విడతకు రెండు మూడు నిమిషాలే, రోజుకు ఐదారు విడతలు. ఒక విడతలో ఒక జాగా చాలు. తుడిచిన ప్రతిసారీ పొడి గుడ్డతో అద్దాలి, అది లేకపోతే తుడవకపోయినా నయం.

ఒరుసుకున్న చర్మానికి క్లోర్‌హెక్సిడిన్ అనే యాంటీసెప్టిక్‌ను 0.05 శాతానికి పలచన చేసి నేనే సీసాలో పోసి ఇచ్చాను, కళ్ళ దగ్గరికి తేవొద్దని మూడుసార్లు చెప్పాను. ఆరాక పలచగా పెట్రోలియం జెల్లీ, మూత్రం చర్మానికి తగలకుండా. కోడలు పిల్లల తొడల సందు ఒరుసుకుంటే రాసే తెల్ల క్రీము ఉంది రాయనా అని అడిగింది. వద్దన్నాను, వాటిలో చాలావరకు జింక్ ఆక్సైడ్ ఉంటుంది, పిల్లి ఎప్పుడు నాకడం మొదలెడుతుందో తెలియదు, జింక్ కడుపులోకి పోతే విషం. నీళ్ళలో పోస్తే తెల్లగా విరిగే యాంటీసెప్టిక్ కూడా వద్దు, అందులో ఉండే ఫినాల్ జాతి మందును పిల్లి కాలేయం సరిగా విరగ్గొట్టలేదు. పెద్దమ్మ పసుపు, కొబ్బరినూనె అంది. పసుపు వల్ల పెద్ద హాని లేదు కానీ ఆ నూనెకు మళ్ళీ తవుడు అంటుకుంటుంది పెద్దమ్మా అంటే నవ్వింది. మనవడు పేల కోసం కుక్కలకు వాడే చుక్కల మందు తెచ్చి జేబులో పెట్టుకున్నాడు. దాన్ని తీసుకుని నా డ్రాయరులో పెట్టేశాను. అందులో పెర్మెత్రిన్ అనే పురుగుమందు ఉంది, కుక్కకు మందు, పిల్లికి వణుకు, ఫిట్లు.

ఆ ఇంటికి ఒకసారి నేనే వెళ్ళి చూశాను, వెళ్ళడం మంచిదైంది. పిల్లి దొడ్డికి ఒక తట్టలో వరి ఊక పోశారు, మిల్లులో ఊకకు కొదవ లేదు కదా. ఆ ఊక గరుకు, తడి చర్మానికి అంటుకుని గుచ్చుకుంటోంది, వీళ్ళు ఎంత తుడిచినా తోక కింద ఎర్రదనం తగ్గకపోవడానికి కారణం అదే. ఊక తీసేసి పేపరు ముక్కలు వేయించాను. తట్ట అంచు కూడా ఎత్తు, నీరసపు పిల్లి ఎక్కలేక అంచు మీదే కూర్చుంటోంది, దానికి బదులు పాత ట్రే పెట్టారు. పడుకునే గోనె తీసేసి నూలు గుడ్డలు. పైన దోమతెర ముక్క కప్పమన్నాను. దోమల కోసం కాదు, ఈగల కోసం. మురికి బొచ్చు మీద ఈగ గుడ్లు పెడితే మన ఎండల్లో ఒక్క రోజులో పురుగులు బయటికి వస్తాయి. గొర్ల దగ్గర ఎన్నోసార్లు చూసిందే, పిల్లిలో అయితే తోక ఎత్తి చూస్తే తప్ప కనబడదు. పొద్దున, సాయంత్రం టార్చి వేసి చూడమన్నాను. బియ్యపు గింజ కంటే చిన్నగా, తెల్లగా గుత్తుగా కనబడితే అవి గుడ్లు, టర్పెంటైన్ పొయ్యకుండా నాకు ఫోన్ చేయండి అని చెప్పాను. ఒక్కసారి కూడా రాలేదు, పెద్దమ్మ పుణ్యం.

మూడో రోజు పిల్లి గోరు కోడలు చేతికి గీరుకుంది. కారణం మామూలే, గబాపెంటిన్ ఇచ్చిన పది నిమిషాలకే కోడలు తుడవడం మొదలుపెట్టింది, గంటన్నర, రెండు గంటలు ఆగాలి. పావుగంట సబ్బు నీళ్ళతో కడిగించి ప్రభుత్వ ఆసుపత్రికి పంపాను, రేబిస్ టీకా కోసం. చిన్న గీత కదా సార్ అంది. టీకా లేని మిల్లు పిల్లి, నోట్లోంచి కాళ్ళ మీదికి సొల్లు కారుతున్న పిల్లి, దాని గోరు గీత చిన్నదైనా రక్తం వచ్చింది. ఇందులో బేరం లేదు. తర్వాత తుడిచే పని పెద్దమ్మే తీసుకుంది. ఆమె ఎదురుగా కూర్చునేది కాదు. పిల్లిని తన ఒడిలో తన వైపు వీపు ఉండేలా కూర్చోబెట్టుకుని, ఎడమ చేతి వేళ్ళతో బుగ్గ ఎముక మీద నిమురుతూ, కుడి చేత్తో తుడిచేది. పిల్లి తోక కొట్టడం మొదలుపెడితే ఆపేసేది. "దాని తల్లి నాకినట్టే నాకాలె" అనేది. నేను ఇంత పేరా రాసిన విషయం ఆమె నాలుగు మాటల్లో చెప్పేసింది.

తిండి విషయం క్లుప్తంగా. నాలుగు రోజులు తినని పిల్లికి కాలేయంలో కొవ్వు చేరే ప్రమాదం ఉంటుంది, కాబట్టి రేపు చూద్దాం అనే వీలు లేదు. ఉల్లి, వెల్లుల్లి, ఉప్పు లేకుండా ఉడికించిన కోడి మాంసం మిక్సీలో పేస్టు చేసి, గోరువెచ్చగా, మొదటి రెండు రోజులు అవసరంలో నాలుగో వంతుతో మొదలుపెట్టి పెంచాం. నొప్పి తగ్గాక తానే నాకింది. నాకిన ప్రతిసారీ గడ్డం పాడైంది, మళ్ళీ తుడవడం.

పన్నెండో రోజుకు బరువు 2.6. అప్పుడు హైదరాబాద్ పంపాను, పళ్ళ ఎక్స్‌రే, పిల్లుల పళ్ళ సర్జరీ నా దగ్గర లేవు. కోరపళ్ళు ఉంచి, వెనక పళ్ళన్నీ వేర్లతో సహా తీశారు. ఈ జబ్బుకు ఇదే అసలు వైద్యం, మూడింట రెండొంతుల పిల్లులకు దీంతో బాగా తగ్గుతుంది, మిగతా వాటికి మందులు కొనసాగాలి. ఈ మాట పెద్దమ్మకు ముందే చెప్పాను. ఖర్చు మిల్లు యజమాని సగం పెట్టుకున్నాడు, ఎలుకల లెక్క వేసుకుని ఉంటాడు.

పళ్ళు తీసినంత మాత్రాన మర్నాడే నాక్కోదు. నోటి వాపు తగ్గడానికి వారాలు, కొన్నిటికి నెలలు పడుతుంది. ఇంకో మూడు వారాలకు పైగా తుడవడం సాగింది, విడతలు ఆరు నుంచి మూడుకు తగ్గాయి. మే నెలలో మధ్యాహ్నాలు ఒళ్ళు వేడెక్కి ఆయాసపడుతుంటే, పిండిన తడి గుడ్డ పాదాలకు, చెవులకు, వీపు మీద పైపైన రాయమన్నాను. ఏప్రిల్‌లో తడి వల్ల చావబోయిన పిల్లికి మేలో అదే తడి మందు. ఒంట్లో కొంచెం కండ వచ్చాక, వేళ చూసుకుని, కొద్దికొద్దిగా చేస్తే అది వేరే సంగతి.

ముప్పై ఎనిమిదో రోజు మనవడు వాట్సాప్‌లో వీడియో పంపాడు. పెద్దమ్మ ఎడమ భుజం మీద ఒక తుడుపు తుడిచి చెయ్యి తీసింది. పిల్లి తల తిప్పి ఆ తడి జాగా వాసన చూసి, రెండుసార్లు నాకింది, ఆగింది, నోరు ఒకసారి చప్పరించింది, మళ్ళీ నాకింది. ఆ రోజు నుంచి ఒక పద్ధతి పెట్టాం. ఆమె తుడవడం సగంలో ఆపేయాలి, మిగతా సగం దానికి వదలాలి. పది రోజుల్లో ముందు కాలు తడి చేసుకుని మొహం తుడుచుకోవడం మొదలుపెట్టింది.

రెండో నెల చివర చెకప్‌కు వచ్చినప్పుడు బరువు 3.1 కిలోలు, నోట్లో ఎడమ వైపు మూల ఇంకా కొంచెం ఎరుపు ఉంది, సొల్లు లేదు. రేబిస్ టీకా వేశాను, గర్భసంచి ఆపరేషన్ ఇంకో నెల ఆగి చేద్దామన్నాను. ఛాతీ మీద బొచ్చు కురచగా, మెత్తగా వస్తోంది. తోక మొదట్లో బఠానీ గింజంత ఉండ ఒకటి కనబడితే ట్రిమ్మర్ అందుకున్నాను. పెద్దమ్మ నా చేయి పట్టుకుంది. "ఉండనియ్ బిడ్డా, అది తీసుకుంటది" అంది.